బండలు పరిచిన కారు

పరశురాం కారెక్కేవాళ్లు చెప్పులు బయట విడిచి ఎక్కాలి. ఈ నియమం అతను పెట్టింది కాదు, వాళ్లమ్మ బీరమ్మ పెట్టింది. కారు లోపల నేలంతా తాండూరు బండలు పరిచి ఉన్నాయి. బండలు పరిచి ఉంటే అది ఇల్లే అని, ఇంట్లోకి చెప్పులతో రావడం ఏం పద్ధతి అని ఆవిడ వాదన. కొత్తగా ఎక్కేవాళ్లు నవ్వబోయి, ముందు సీట్లోంచి ఆవిడ వెనక్కి తిరిగి చూసిన చూపుకు నోరు మూసుకుని చెప్పులు చేత్తో పట్టుకుంటారు. తొందరలో వాటిని రోడ్డు మీదే వదిలేసి ఎక్కి, కొడంగల్‌లో దిగాక కాళ్ల వంక చూసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

కారులో బండలేమిటి అని బయటి ఊరివాళ్లు అడగాలిగానీ తాండూరువాళ్లు అడగరు. ఆ ఊళ్లో బండ కానిదేముంది? ఇంటి నేల బండ, ప్రహరీ గోడ బండ, మోరీ మీద మూత బండ, టీకొట్టు ముందు కూర్చునే బల్ల బండ. పరశురాం పనిచేసేది కూడా ఊరి బయట ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలోనే. పొద్దున మనిషిలా వెళ్లి, సాయంత్రానికి రాతి బురదలో తడిసి ఆరి, విబూది పూసుకున్నట్టు తెల్లగా తిరిగి వస్తాడు. వచ్చి ముఖం కూడా కడుక్కోకుండా ముందు కారు తుడుస్తాడు. ఈ తుడుపు చూసి చూసి అతని భార్య కరుణకు కారు మీద సవతి కోపం పట్టుకుంది. అందులో ఆమె తప్పు ఏమాత్రం లేదని నేను ముందే చెప్పేస్తున్నాను.

నిజానికి పరశురాం వంశంలో కార్లు లేవు, గొర్రెలున్నాయి. తండ్రి ఈరయ్య ఇప్పటికీ మందను వదల్లేదు. పరశురాం చిన్నప్పుడు బీరప్ప పండుగ వస్తే పొట్టేలును కడిగి, దువ్వి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గజ్జెలు కట్టే పని అతనిదే. మిగతా పిల్లలు కట్టేది ఒక రకం గజ్జెలైతే ఇతను మూడు రకాలు కట్టేవాడు. పొట్టేలు ఆ బరువుకు తల ఎత్తలేక నిలబడేది. అప్పుడే ఎవరైనా గట్టిగా నాలుగు మాటలు చెప్పి ఉంటే తర్వాత ఇంత జరిగేది కాదు. ఎవరూ చెప్పలేదు. పైగా మెచ్చుకున్నారు.

పెద్దవాడై, ఫ్యాక్టరీలో చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక ఒక పాత తెల్ల కారు కొన్నాడు. కొన్న వారానికే దాని అద్దం మీద గొంగడి వేసుకున్న కాపరి బొమ్మ అంటించాడు. ఆ తర్వాత నీలం లైట్లు వచ్చాయి. అటు తర్వాత పులి అరిచినట్టుండే హారన్ వచ్చింది. దాన్ని మొదటిసారి నొక్కినప్పుడు తండ్రి గొర్రెలు కంచె దూకి పోయాయి, వాటిని పోగేసేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత లావు టైర్లు, వెనక సీటు సగం మింగేసిన స్పీకర్ డబ్బాలు, తలుపు తెరిస్తే కిందపడే వెలుగులు. ఈరయ్య మాత్రం కొడుకునే వెనకేసుకొచ్చేవాడు. పొట్టేలుకు గజ్జెలు కట్టగా లేనిది కారుకు కడితే తప్పేమిటని ఆయన లెక్క. కరుణ పప్పు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటి ఖర్చు సగం తనే మోస్తున్న మనిషి. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఒకవైపే వెలుగుతోందని, కారుకు మాత్రం నాలుగువైపులా వెలుగుతోందని ఒకసారి అంది. పరశురాం దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

ఇక బండల సంగతి. ఫోన్లో ఎక్కడివాళ్లో వ్యాను లోపల చెక్క పలకలు పరుచుకున్న వీడియో చూశాడు. అడవులున్న దేశంవాళ్లు చెక్క పరుచుకుంటే తాండూరువాళ్లం మనం ఏం పరుచుకోవాలి అని ఒక పూటంతా ఆలోచించాడు. అలాంటి ఆలోచన వచ్చిన మనిషిని ఆపేవాళ్లు పక్కన ఉండాలి. పక్కన ఉన్నది వెంకటేశం. ఫ్యాక్టరీలో అతని తోటి పనివాడు, బండలు పరచడంలో ఆరితేరినవాడు, ఆపడంలో కాదు. ఇద్దరూ కలిసి సన్నటి నీలం బండలు ఏరి, కారు నేల ఎగుడుదిగుళ్లకు సరిగ్గా కోసి, ముఖం కనపడేదాకా పాలిష్ పట్టి, రాయిని రాయికి అతికించే జిగురుతో రేకుకు అతికించారు. సందుల్లో తెల్ల సిమెంటు నింపారు. డిక్కీలో కూడా పరిచారు. మిగిలిన ముక్కలతో తలుపు దగ్గర చిన్న గడప కట్టారు.

కాలనీ అంతా వచ్చి చూసింది. బీరమ్మ తడిబట్ట తెచ్చి తుడిచి, వంగి తన ముఖం చూసుకుని, పిల్లవాడు మొత్తానికి ఒక పని సక్కగా చేశాడని మురిసిపోయింది. శుక్రవారం నాడు గడప మీద చిన్న ముగ్గు కూడా వేసింది. ఆ బరువుకు కారు కుంగి, కడుపు రోడ్డును తాకేలా అయింది. పరశురాం దానికి కూడా సంతోషించాడు. పట్నంలో కారును అలా కిందికి దించడానికి జనం ఎంతో ఖర్చు పెడతారని, తనకు ఉత్త పుణ్యానికి దిగిందని అందరికీ చెప్పుకున్నాడు.

స్పీడ్ బ్రేకర్ల గురించి మాత్రం ఆలోచించలేదు.

ఒక్కడే నడిపితే కారును ఏటవాలుగా తిప్పి ఎలాగో దాటించేవాడు. పక్కన మనిషి కూర్చుంటే చాలు, కింద రేకు గీసుకుని ఒళ్లు జలదరించే చప్పుడు. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. స్పీడ్ బ్రేకర్ రాగానే అందరూ దిగాలి, చెప్పులు వేసుకోవాలి, అవతలికి నడవాలి, కారు ఖాళీగా దాటాక చెప్పులు విడిచి మళ్లీ ఎక్కాలి. ఈరయ్యకు ఇది పెద్ద కష్టం అనిపించలేదు. ఆయన దిగి కారు వెనక నిలబడి, మందను వాగు దాటించినట్టు నాలుక చప్పరించి అదిలించేవాడు. కారు దాటితే తన వల్లే దాటిందని నమ్మేవాడు. కరుణ రెండుసార్లు ఇలా ప్రయాణం చేసి, మూడోసారి నుంచి ఆర్టీసీ బస్సెక్కింది. కడుపుతో ఉన్నప్పుడు వికారాబాద్‌లో డాక్టరుకు చూపించుకోవడానికి కూడా రైల్లోనే వెళ్లి వచ్చింది. స్టేషన్ దాకా దింపుతానని పరశురాం కారు తీస్తే, దిగి ఎక్కే లోపల తాను నడిచి పోయి టికెట్ కూడా తీసుకోగలనని చెప్పింది. అలాగే చేసింది కూడా.

ఏడో నెలలో కరుణ బొంరాస్‌పేటలోని పుట్టింటికి వెళ్లింది. నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే ఆమెను అంబులెన్సులో వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఫోన్ రాగానే పరశురాం మిషన్ ఆపి, సగం ముఖం కడుక్కుని, తల్లినీ తండ్రినీ ఎక్కించుకుని బయలుదేరాడు. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఇద్దరూ దిగారు. ధారూర్ దగ్గర ఈరయ్యకు ఎవరిదో మంద కనపడింది. దాటి వెంటనే కారెక్కకుండా గొర్రెల గాలికుంటు జబ్బు గురించి ఆ కాపరితో మాట్లాడుతూ నిలబడ్డాడు. ఆయన్ని బతిమాలి ఎక్కించేసరికి పరశురాంకు ప్రాణం పోయినంత పనైంది.

ఆసుపత్రి గేటు దగ్గర కూడా ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇంత దూరం వచ్చాక ఇక దింపేదేమిటని, ముగ్గురితోనే ఎక్కించేశాడు. కారు కడుపు దాని మీద ఆనుకుని కూర్చుంది. ముందు చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. వెనక ఆటోలు, ఆటోల వెనక జనం, అందరూ హారన్లు. పరశురాం కంగారులో తన హారన్ నొక్కాడు, పులి అరిచింది, గేటు దగ్గర జామకాయలమ్మే మనిషి బుట్ట వదిలేసి పరుగెత్తాడు. చివరికి వాచ్‌మన్, జామకాయల మనిషి, రోగుల బంధువులు కలిసి కారు ఎత్తాల్సి వచ్చింది. ఎత్తబోయి ఎత్తలేక, లోపలికి తొంగిచూసి, లోపల ఇల్లు కట్టుకున్నావా అని ఎవరో అడిగారు. అది కూడా పరశురాం మెచ్చుకోలే అనుకునేవాడు, వేరే రోజైతే.

అతను లోపలికి పోయేసరికి పాప పుట్టేసింది. బట్టలో చుట్టి అత్తగారి చేతుల్లో ఉంది. మంచం మీద కరుణ కళ్లు తెరిచి, ఎక్కడున్నావని అడిగింది. గేటు కాడ, అన్నాడు. కరుణ ముఖం గోడ వైపు తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని పరశురాంకు అనిపించింది. తన బిడ్డ లోకంలోకి వస్తున్నప్పుడు తాను గేటు దగ్గర గాల్లో చక్రాలు తిప్పుతూ కూర్చున్నాడు. సిగ్గుతో అతనికి ఆ రోజు అన్నం దిగలేదు.

పాపకు జ్యోతిరాణి అని పేరు పెట్టారు. ఐదో నెలలో తల్లీబిడ్డలను తాండూరుకు తెచ్చుకోవాలని పెద్దవాళ్లు మంచిరోజు చూశారు. పరశురాం భయపడుతూ ఫోన్ చేసి, ఎందులో వస్తావని అడిగాడు. కరుణ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు జవాబు చెప్పింది.

"నీ కారులనే వస్త. బిడ్డనెత్తుకొని బొంరాస్‌పేటల ఎక్కుత, మనింటి ముంగట దిగుత. నడుమల ఒక్క తాన దిగుమన్నవనుకో, తెల్లారి కారు అమ్ముడే."

"గట్లనే," అన్నాడు పరశురాం. ఫోన్ పెట్టేశాక గానీ తాను దేనికి ఒప్పుకున్నాడో అతనికి తెలిసిరాలేదు.

మర్నాడు మెకానిక్ పరమేశ్ దగ్గరికి పరుగెత్తాడు. పరమేశ్ కారు కిందికి దూరి, బయటికి వచ్చి, ఈ బండలకు కారు సరిపోదని, లారీ కావాలని తేల్చాడు. అక్కడి నుంచి వెంకటేశం దగ్గరికి పోయి బండలు తీయమని అడిగాడు. వెంకటేశం చాలా బాధపడ్డాడు. తాను వేసిన బండ ఇంతవరకు ఎక్కడా లేవలేదని, రేకు లేస్తుందేమోగానీ బండ లేవదని, బలవంతం చేస్తే కారుకు నేల ఉండదని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒక మూల తట్టి చూసి, ఎంత గట్టిగా ఉందో అని మళ్లీ మురిసిపోయాడు.

ఇక మిగిలింది ఒకటే దారి, బండలు తప్ప అన్నీ తీసేయడం. స్పీకర్ డబ్బాలు దిగాయి. వాటిలో ఒకదాని మీద ఈరయ్య కూర్చుని చుట్ట కాల్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఖాళీలో వెనక సీటు మళ్లీ పూర్తిగా వచ్చింది. లావు టైర్లు పోయి సన్న టైర్లు వచ్చాయి. పులి కూడా దిగిపోయింది. ఒక్కొక్కటి విప్పుతుంటే పరశురాంకు కళ్లలో నీళ్లు తిరిగాయి, రాతి దుమ్ము పడిందని చెప్పాడు. కొడుకు భోజనం కూడా తగ్గించాడని, అద్దంలో పొట్ట చూసుకుంటున్నాడని బీరమ్మ ఫోన్లో కోడలికి చెప్పింది. కోడలు నవ్వు ఆపుకోలేక ఫోన్ తమ్ముడికిచ్చిందట.

ఆ తర్వాత పరీక్ష. కరుణ, పాప కలిపి ఎంత బరువో అంత బరువు పెట్టి చూడాలని అతని ఆలోచన. కరుణకు బదులు బీరమ్మ కూర్చుంది. పాపకు బదులు ఈరయ్య మందలోంచి ఒక చిన్న గొర్రెపిల్లను తెచ్చి, శాలువాలో చుట్టి, ఆవిడ ఒళ్లో పెట్టారు. తాండూరు నుంచి బొంరాస్‌పేట దాకా అలా పోయి వచ్చారు. కొడంగల్‌లో ఎరిగినామె ఒకామె కిటికీలోంచి తొంగిచూసి, మనవరాలా అని శాలువా తొలగించి, మళ్లీ కప్పేసి వెళ్లిపోయింది. గొర్రెపిల్ల తిరుగు ప్రయాణంలో చేయాల్సిన పని చేసింది. బీరమ్మ ఒక గుడ్డ తీసి ఒక్క తుడుపులో తుడిచేసి, బండ కాబట్టి సరిపోయిందని, పరుపైతే ఆ వాసన ఏడాది పోయేది కాదని అంది. బండల వల్ల జరిగిన మేలు అదొక్కటే కాబట్టి ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను. ముఖ్యమైన సంగతేమిటంటే, ఏటవాలుగా, మెల్లగా, ఊపిరి బిగబట్టి పోతే, కారు ఎక్కడా గీసుకోలేదు. పరశురాం ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

మంచిరోజు వచ్చింది. కారు కడిగి, ఒక్కడే బొంరాస్‌పేట వెళ్లాడు. అత్తగారింట్లో మర్యాదలన్నీ అయ్యాయి. కరుణ కొత్త చీర కట్టుకుని, పాపను ఎత్తుకుని, నవ్వీ నవ్వనట్టు ఒక చూపు చూసి వెనక సీట్లో కూర్చుంది. పరశురాం తలుపు మూయబోయాడు.

"ఆగు అల్లుడా," అన్నాడు మామ బిచ్చయ్య.

బీరమ్మను తూచాడు, గొర్రెపిల్లను తూచాడు, తన పొట్టను కూడా తూచాడుగానీ, పుట్టింటివాళ్లు ఆడబిడ్డను ఉత్త చేతులతో పంపరన్న సంగతి పరశురాం మరిచేపోయాడు. అప్పటికే కరుణ ఒడిలో పసుపు కలిపిన ఒడిబియ్యం, కొబ్బరి కుడకలు ఉన్నాయి. ఇప్పుడు బియ్యం సంచి వచ్చింది. కందిపప్పు సంచి వచ్చింది. ఉయ్యాల, దాని గొలుసులు వచ్చాయి. గారెలు, సకినాలు నింపిన స్టీలు డబ్బాలు వచ్చాయి. ఇత్తడి బిందె వచ్చింది, దాని లోపల ఇంకేవో ఉన్నాయి. బావమరిది ట్రాలీ ఆటోలో పంపరాదా అని పరశురాం నీళ్లు నమిలాడు. ట్రాలీ కొడంగల్ అంగడికి పోయిందని, అయినా ఆడబిడ్డ ఒడి నింపిన సొమ్ము ఆడబిడ్డతోనే పోవాలని అత్తగారు చెప్పింది. అన్నిటికంటే చివర బిచ్చయ్య మంద దగ్గరికి పోయి, బాగా బలిసిన ఒక గొర్రెను తోలుకొచ్చాడు. వాళ్లింట్లో మనవరాలు పుడితే తాత ఒక గొర్రెనివ్వడం వాడుక. అది ఈని, దాని పిల్లలు ఈని, పాప పెళ్లినాటికి ఆమెకో మంద తయారవుతుందని ఆయన ఆశ. పరశురాం గొర్రె వంక చూశాడు. గొర్రె కారు వంక చూసింది. కాదంటే మూడు తరాల మర్యాద పోతుంది. దాన్ని ముందు సీట్లో ఎక్కించి, నిలబడకుండా సీటు బెల్టు కట్టాడు.

ఊరి బడి ముందరే మొదటి స్పీడ్ బ్రేకర్. పరశురాం కారాపి, కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. అద్దంలో కరుణ అతన్నే చూస్తోంది. దిగమంటాడేమోనని చూస్తోంది. అతను అనలేదు. తానే దిగి బియ్యం సంచి భుజాన వేసుకుని అవతల దించి వచ్చాడు. తర్వాత పప్పు సంచి. తర్వాత ఉయ్యాల, బిందె, డబ్బాలు. తర్వాత గొర్రెకు బెల్టు విప్పి, తోలుకుపోయి, బోర్డు స్తంభానికి కట్టాడు. వచ్చి కూర్చుని ఏటవాలుగా మెల్లగా దాటించాడు. మళ్లీ అన్నీ ఎక్కించాడు, గొర్రెకు బెల్టు కట్టాడు. కరుణ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. పాప నిద్రపోతోంది.

కొడంగల్ దాకా ఇదే పని. కొడంగల్ దాటాక కూడా ఇదే పని. ఒకచోట వెనక వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగిపోతే, కండక్టర్ తల బయటపెట్టి, ఇల్లు మారుతున్నారా అని అడిగాడు. ఇంకోచోట గొర్రె కట్టు విప్పుకుని కంది చేలో పడింది, దాని వెంట పరశురాం పడ్డాడు. పెళ్లి బట్టల్లాంటి తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, అది చెమటకు తడిసి, బియ్యం సంచి పొడి అంటి, మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ చొక్కాలా తయారైంది. కరుణ మొదట్లో బాగా బిగుసుకుని కూర్చుంది. గొర్రె చేలో పడ్డప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత అతను బిందె మోసుకుపోతుంటే, నీళ్లు తాగి పొమ్మని సీసా అందించింది. తాను దిగలేదు.

తాండూరు వచ్చింది. కాలనీ మలుపు వచ్చింది. ఇక్కడి నుంచి ఇల్లు పిలిస్తే పలికేంత దూరం. పరశురాం గెలిచాననుకుని మొదటిసారి వెనక్కి తిరిగి నవ్వాడు. నవ్వి ముందుకు చూస్తే, మలుపు దగ్గర కొత్త స్పీడ్ బ్రేకర్. లారీలు వేగంగా వస్తున్నాయని కాలనీవాళ్లే పూనుకుని, రోడ్డు పనిలో మిగిలిన కాంక్రీటంతా ఒకేచోట కుప్పపోసి కట్టారు. నిన్నటిదాకా లేదు, పొద్దున అతను వేరే దారిన పోయాడు. అన్నీ దించాడు. గొర్రెను దించాడు. ఏటవాలుగా పోయాడు, కింద గర్రుమంది. వెనక్కి వచ్చి ఇటువైపు ఏటవాలుగా పోయాడు, మళ్లీ గర్రుమంది. చొక్కా జేబులోంచి ఇంటి తాళాలు, చిల్లర, ఫోన్ కూడా తీసి బియ్యం సంచి మీద పెట్టి వచ్చి ప్రయత్నించాడు. కారు ఒప్పుకోలేదు.

పరశురాం దిగి, డిక్కీ తెరిచి, సుత్తి తీశాడు. ముందు తలుపు తెరిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మెరిసే నీలం బండలో అతని ముఖం కనపడింది, చెమటతో, కంది ఆకులతో. రేకు ఊడిపోతుందని తెలుసు, కారుకు నేల ఉండదని తెలుసు. ఈ కారును అతను ఎంతగా ప్రేమించాడో కాలనీలో అందరికీ తెలుసు. కానీ ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగిన ఆ ముఖం మళ్లీ చూడటం తన వల్ల కాదని అతనికి ఇంకా బాగా తెలుసు. కళ్లు మూసుకుని సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. బండ నడుమ చీలిక వచ్చింది. మళ్లీ ఎత్తాడు.

"ఇగ సాలు," అంది కరుణ వెనక నుంచి. "సుత్తి కింద వెట్టు."

వెనక తలుపు తెరుచుకుంది. కరుణ ఒక కాలు బయట పెట్టింది.

"దిగకు," అన్నాడు పరశురాం, సుత్తి పట్టుకునే. "నువ్వు దిగితే కారు అమ్మాలె. ఇంకో రెండు బండలు, అంతే."

"అమ్ముడు సంగతి ఇంటికాడ జూసుకుందం. ముందుగల బిడ్డను వట్టు."

పాపను అతని చేతుల్లో పెట్టేసింది. ఇంతవరకు అతను పాపను మంచం మీద కూర్చుని, పక్కన ఎవరో ఒకరు చేతులు అడ్డంపెడితే తప్ప ఎత్తుకోలేదు. గరుకు చేతులని భయం. ఇప్పుడు నడిరోడ్డు మీద నిలబడి ఎత్తుకున్నాడు, చేతులు అడ్డంపెట్టేవాళ్లు లేరు. కరుణ చీర కుచ్చెళ్లు ఎగదోపి, చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లో కూర్చుంది. పెళ్లికి ముందు తమ్ముడి ట్రాలీ ఆటోలో గొర్రెలను అంగడికి తోలిన చెయ్యి అది. ఏటవాలూ లేదు, ఊపిరి బిగబట్టడమూ లేదు. వెనక్కి పోయి, గేరు వేసి, నేరుగా ఎక్కించేసింది. కడుపు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీసుకున్న చప్పుడు పాలిష్ ఫ్యాక్టరీల దాకా వినపడి ఉంటుంది. ఇళ్లలోంచి జనం బయటికి వచ్చారు. అవతల ఆపి, సామాను, గొర్రె తనే ఎక్కించుకుని, ఎక్కు అన్నట్టు వెనక్కి చూసింది. పరశురాం నువ్వు పద అని తల ఊపాడు.

కారు ముందు పోయింది. అతను వెనక నడుచుకుంటూ వచ్చాడు. నడక కుదుపుకు పాప లేచింది. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. అతని ముఖం కాసేపు చూసి, రాతి దుమ్ము అంటిన చొక్కా గుండీ పట్టుకుని, చెంప అతని భుజానికి ఆనించింది. పరశురాం అడుగులు చిన్నవయ్యాయి. ఎదురొచ్చిన వెంకటేశం ఆగి, కారేదని అడిగాడు. అది పోయింది గానీ ఇదిగో నా బిడ్డను చూడు అని పరశురాం అతనికి చూపించాడు. టీకొట్టు దగ్గర నలుగురికి చూపించాడు. అడగనివాళ్లను కూడా ఆపి చూపించాడు. పిలిస్తే పలికేంత దూరం నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ఇంటి ముందు బీరమ్మ దిష్టి నీళ్లు పట్టుకుని నిలబడింది. ఈరయ్య కొత్త గొర్రె పళ్లు చూస్తున్నాడు. కరుణ కారు పక్కన తాళం చేత్తో తిప్పుతూ ఉంది, దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చిన ముఖం. అతను దగ్గరికి రాగానే గబగబా చెప్పేసింది.

"కారు ఏం అమ్మకు. గని ఇగ నుంచి నడిపేది నేను. ఇంకోటి, కోపానికి రాకు, కింద మస్తు గీసుకుంది. రేకు వొంగినట్టుంది."

పరశురాం కారు వంక చూడలేదు.

"మెల్లగ మాట్లాడు," అన్నాడు. "ఇప్పుడే పండుకుంది."